దారిన పోయే దానయ్య

"రోడ్డు ఎవరిది?" అని అడిగితే చాలామంది "గవర్నమెంటుది" అంటారు. ఇంకాస్త ఆలోచించేవాళ్లు "అందరిదీ" అంటారు. ఇబ్బంది రానంత కాలం రెండు జవాబులూ బానే ఉంటాయి. ఒక పొద్దున రోడ్డుకి అడ్డంగా గేటు పడిందనుకోండి, రెండూ పనికిరావు. గవర్నమెంటు అంటే మున్సిపాలిటీయా, రాష్ట్రమా, రక్షణ శాఖా? అందరిదీ అంటే ఎవరెవరిది? ఆ రోడ్డు పక్కన ఇల్లున్నవాళ్లదా, దాని మీద రోజూ ఆఫీసుకి పోయేవాళ్లదా, ఎప్పుడో ఒకసారి అటుగా వచ్చిన దారిన పోయే దానయ్యదా?

మల్కాజ్‌గిరి, సఫిల్‌గూడ, నేరేడ్‌మెట్, సైనిక్‌పురి, యాప్రాల్ వైపు ఉండేవాళ్లకి ఈ ప్రశ్న కొత్త కాదు. నేనూ ఆ వైపే ఉంటాను. మా వైపు కాలనీలకీ సికింద్రాబాద్‌కీ మధ్యలో కంటోన్మెంట్ ఉంది. 1806లో బ్రిటిష్ సేనల కోసం ఏర్పడి, మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న సికింద్రాబాద్‌కి అసలు మొదలే ఈ కంటోన్మెంట్. దేశంలోని పెద్ద కంటోన్మెంట్లలో ఇదొకటి, సుమారు పది వేల ఎకరాలు. పెట్టినప్పుడు ఊరికి దూరంగా, హుస్సేన్‌సాగర్‌కి అవతల పెట్టారు. రెండు వందల ఏళ్లలో ఊరు దాన్ని చుట్టేసి, దాటేసి, అవతల ఇంకో ఊరై కూర్చుంది. ఇప్పుడు కంటోన్మెంట్ ఊరి నడిబొడ్డున ఉంది. దాని గుండా పోయే వెల్లింగ్టన్ రోడ్, గాఫ్ రోడ్, మార్నింగ్‌టన్ రోడ్ లాంటి దారులు, ఇంకా తెల్లదొరల పేర్లు మోస్తూనే, తెలుగువాళ్ల స్కూటర్లనీ ఆటోలనీ స్కూల్ బస్సులనీ మోశాయి.

ఆ రోడ్ల మూసివేత ఒక్క రోజులో జరగలేదు. ముందు రాత్రిపూట గేట్లు వేశారు. తర్వాత గుర్తింపు కార్డులు అడగడం మొదలైంది. ఆ తర్వాత ఫలానా తేదీ నుంచి పూర్తిగా మూసేస్తామన్న ప్రకటనలు, వాయిదాలు, మళ్లీ ప్రకటనలు. కాలనీ సంఘాలన్నీ ఒక సమాఖ్యగా కూడాయి. ఉత్తరాలు, వినతిపత్రాలు, ప్లకార్డులు, మానవహారాలు, కోర్టు మెట్లు. 2018 మే నెలలో రక్షణ శాఖ దేశంలోని 62 కంటోన్మెంట్లలోనూ, చట్టం చెప్పిన పద్ధతి పాటించకుండా మూసిన రోడ్లని తెరవమంది. కొన్ని తెరుచుకున్నాయి. కోవిడ్ వచ్చాక ఆ పేరుతో మళ్లీ కొన్ని మూతపడ్డాయి. రాష్ట్ర మంత్రి ఢిల్లీకి ఉత్తరాలు రాశారు. చివరికి 2022 మార్చిలో అప్పటి మున్సిపల్ మంత్రి కేటీఆర్ అసెంబ్లీలో లేచి, రోడ్లు ఇలాగే మూస్తూ పోతే కంటోన్మెంట్‌కి నీళ్లూ కరెంటూ ఆపేస్తామనేదాకా వెళ్లింది వ్యవహారం.

దీన్ని వార్తగా చదివితే కథ చాలా తేలిక. ఒకవైపు మొండి అధికారం, ఇంకోవైపు నలిగిపోయిన జనం. నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ కథ అంత తేలిక కాదనిపించడం వల్ల. జనం పక్షాన నిలబడ్డవాడిగానే, జనం వాదనలో ఏది నిలుస్తుందో ఏది నిలవదో చూద్దామని.

ముందు అవతలి మాట విందాం. సైన్యం చెప్పేవి రెండు. ఒకటి, భద్రత. పఠాన్‌కోట్, ఉరి దాడులు రెండూ 2016లోనే జరిగాయి. సైనిక స్థావరం నడిమధ్య నుంచి రోజంతా ఎవరో తెలియని వేల బళ్లు పోతుంటే కాపలా కాయడం కష్టమని ఏ జవానుని అడిగినా చెప్తాడు. ఆ రోడ్ల పక్కనే వాళ్ల కుటుంబాల క్వార్టర్లున్నాయి, పిల్లలు ఆడుకుంటారు. రెండు, ఆస్తి. కంటోన్మెంట్లలో భూమికి తరగతులుంటాయి. అచ్చంగా సైనిక అవసరాలకి కేటాయించింది ఏ-1 భూమి. "ఈ రోడ్లు మా అవసరానికి, మా స్థలంలో వేసుకున్నవి. ఇన్నాళ్లూ మిమ్మల్ని పోనిచ్చాం. అది మా మంచితనం. మంచితనాన్ని హక్కనుకుంటే ఎలా?"

ఈ రెండో మాట దగ్గర ఆగాలి. మా వృత్తిలో ఇది రోజూ వినపడే మాట.

సాఫ్ట్‌వేర్‌లో హైరమ్ సూత్రం అని ఒకటుంది. గూగుల్‌లో పనిచేసిన హైరమ్ రైట్ అనే ఇంజనీర్ పేరు మీద వచ్చింది. దాని సారం ఇది: నువ్వొక సర్వీసు రాసి పదిమందికీ ఇచ్చావు. అది ఏమేం చేస్తుందో కాగితం మీద రాసిచ్చావు. కానీ వాడేవాళ్లు చాలామంది అయ్యాక, నువ్వు రాసిచ్చిన మాట మీదే కాదు, నువ్వు రాయని ప్రతి లక్షణం మీదా ఎవడో ఒకడు ఆధారపడి ఉంటాడు. నీ సర్వీసు ఫలితాల్ని ఒక వరసలో ఇస్తోందనుకో. ఆ వరస అలాగే ఉంటుందని నువ్వెక్కడా చెప్పలేదు. అయినా ఒక రోజు ఆ వరస మారిస్తే ఎక్కడో ఇంకో కంపెనీలో బిల్లులు తప్పు వస్తాయి. అర్ధరాత్రి ఫోన్లు మోగుతాయి. "మేం ఎప్పుడు మాటిచ్చాం?" అని నువ్వంటావు. "మరి ఇన్నేళ్లూ అలాగే ఇచ్చారుగా!" అని వాళ్లంటారు.

ఇద్దరిలో ఎవరు న్యాయం? టీముల్లో ఈ గొడవ ఎన్నిసార్లు విన్నా నాకు కొత్తగానే ఉంటుంది. మాట ఇవ్వడం వల్ల మాత్రమే బాధ్యత పుడుతుందని ఒక పక్షం. ఎదుటివాడు నీ మీద ఆధారపడుతున్నాడని తెలిసీ ఊరుకుంటే, ఆ ఊరుకోవడమే ఒక రకం మాట అని ఇంకో పక్షం.

యాప్రాల్‌లో ఇల్లు కొనుక్కున్న మనిషి ఆ రోడ్డు చూసే కొన్నాడు. పిల్లల్ని ఫలానా స్కూల్లో వేసింది ఆ రోడ్డుని బట్టే. పెద్దాయనకి గుండెనొప్పి వస్తే ఏ ఆసుపత్రికి ఎంతసేపట్లో వెళ్లగలమన్న లెక్క ఆ రోడ్డు మీదే వేసుకున్నాడు. ఇవేవీ దొంగచాటుగా జరగలేదు. ఇళ్లు లేవడం, కాలనీలు పెరగడం అందరూ చూస్తుండగానే జరిగింది. సైనిక్‌పురి అయితే పేరులోనే సైనికులున్నారు. మాజీ సైనికుల కోసం మొదలైన కాలనీ అది. సైన్యం గేటు వేస్తే అవతల నిలబడిపోయినవాళ్లలో ఒకప్పుడు అదే యూనిఫాం వేసుకున్నవాళ్లూ ఉంటారు.

చట్టానికి ఈ చిక్కు పాతదే. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం ఎవరైనా ఇంకొకరి భూమి గుండా ఇరవై ఏళ్లు అడ్డంకి లేకుండా, బాహాటంగా, తమ హక్కుగా నడిస్తే ఆ నడక హక్కవుతుంది. ప్రభుత్వ భూమైతే ముప్ఫై ఏళ్లు. ఇందులో "తమ హక్కుగా" అన్న మాట కీలకం. అనుమతి అడిగి నడిస్తే ఎన్నేళ్లు నడిచినా అది అనుమతే. ఎవర్నీ అడక్కుండా నడిస్తేనే హక్కవుతుంది. చూడ్డానికి తిరకాసుగా ఉంటుంది కదూ! మర్యాదగా అడిగినవాడికి ఏమీ లేదు, అడగనివాడికి హక్కు. కానీ ఇందులో ఒక లోతు ఉంది. హక్కు అంటే రోజూ అడగాల్సిన పని లేకపోవడమే. గేటు దగ్గర కార్డు అడగడం మొదలైన రోజున, మూసేయకపోయినా, ఆ రోడ్డు స్వభావం మారిపోతుంది. నిన్నటిదాకా దారి, ఇవాళ దయ.

ఊళ్లు తెలిసినవాళ్లకి ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. గుంటూరు వైపు డొంక అంటారు, గోదావరి వైపు పుంత అంటారు, తెలంగాణలో బండ్ల బాట అంటారు. పొలాల మధ్య నుంచి పోయే దారి. అది ఏ రైతుదీ కాదు, అందుకే ప్రతి రైతుకీ ఆశ. ఏటా దుక్కి దున్నేటప్పుడు పక్క పొలం ఆసామి ఒక్క సాలు ఇటు జరుగుతాడు. అవతలి ఆసామి ఒక్క సాలు అటు జరుగుతాడు. పదేళ్లకి రెండు బళ్లు తప్పుకునే డొంక ఒంటిమనిషి గట్టు అవుతుంది. అప్పుడు గొడవ మొదలవుతుంది. గమనించాల్సింది ఏమిటంటే, ఆ గొడవ పెట్టుకునేది ఎప్పుడూ డొంక చివర పొలం ఉన్నవాడే. మొదట్లో పొలం ఉన్నవాడికి డొంకతో పనిలేదు. అతనికి దారి కంటే ఆ ఒక్క సాలు ముఖ్యం. రోడ్ల గురించిన నీతి అంతా ఈ రెండు పొలాల మధ్య దూరంలోనే ఉంది. నువ్వు దారికి ఏ చివర ఉన్నావన్నదాన్ని బట్టి నీ సిద్ధాంతం మారుతుంది.

మరి ఈ రెండు చివర్ల మధ్య తీర్పు ఎవరు చెప్పాలి? సుప్రీంకోర్టు 1954లోనే, సగీర్ అహ్మద్ కేసులో, వీధులూ రోడ్లూ రాజ్యం చేతిలో ఉన్నా రాజ్యం వాటికి ధర్మకర్త మాత్రమేనని, ప్రజల తరఫున వాటిని ఉంచుకుంటుందని చెప్పింది. గుడి ధర్మకర్త గుడిని తన పేర రాసుకోలేడు. రోడ్డూ అంతే. కానీ ధర్మకర్తకి కూడా తలుపులు ఎప్పుడు తెరవాలో ఎప్పుడు మూయాలో నిర్ణయించే పని ఉంటుంది. "అందరిదీ" అనగానే "ఎప్పుడూ తెరిచే ఉండాలి" అని అర్థం రాదు.

అందుకే 2006 కంటోన్మెంట్ల చట్టంలోని 258వ సెక్షన్ నాకు ఆసక్తిగా కనిపిస్తుంది. నివాసుల ఉద్యమమంతా ఆ సెక్షన్ చుట్టూనే తిరిగింది. దానిలో ఉన్నది చాలా చిన్న విషయం. కంటోన్మెంట్ బోర్డు ఏ వీధినీ పై అధికారుల ముందస్తు అనుమతి లేకుండా శాశ్వతంగా మూయకూడదు. భద్రతా కారణం తప్ప ఇంకో కారణంతో మూయకూడదు. అదైనా బహిరంగ ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలూ సూచనలూ అడిగాకే మూయాలి. అంతే. ఈ సెక్షన్ మనకి రోడ్డు ఇవ్వదు. మూయొద్దు అని కూడా అనదు. "అడుగు" అంటుంది.

ఇంతేనా అనిపించొచ్చు. అభ్యంతరాలు తీసుకుని, అన్నీ చదివి, చివరికి మూసేస్తే ఏం ఒరిగింది? చాలానే ఒరిగిందని నా అభిప్రాయం. అడిగినప్పుడు కారణం చెప్పాలి. చెప్పిన కారణాన్ని ఎదుటివాడు పరీక్షిస్తాడు. "భద్రత" అన్న ఒక్క మాట సరిపోదు. భద్రతే అయితే పగలు తెరిచి రాత్రి ఎందుకు మూస్తున్నారు? కార్లు ఆపి బైకులు ఎందుకు వదులుతున్నారు? ప్రత్యామ్నాయ రోడ్డు వేసేదాకా ఆగితే నష్టమేంటి? ఈ ప్రశ్నలకి సైన్యం దగ్గర మంచి జవాబులే ఉండొచ్చు. ఉంటే విన్నవాళ్లలో కొంతమందైనా ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్లకి కూడా తమని లెక్కలోకి తీసుకున్నారని తెలుస్తుంది. కారణం చెప్పకుండా మూసిన గేటు ముందు మనిషికి పోయేది పావుగంట టైమే కాదు. "నువ్వు ఎవరు?" అని ఎదుటివాడు అడగను కూడా అడగలేదన్న చిన్నతనం ఒకటి మిగిలిపోతుంది. మానవహారాల్లో నిలబడ్డ పెద్దవాళ్ల మాటల్లో నాకు ఎక్కువగా వినపడింది అదే. చుట్టు తిరిగిపోవడం గురించి విసుగ్గా చెప్పేవాళ్లు. చెప్పకుండా మూయడం గురించి కోపంగా చెప్పేవాళ్లు. ఆ రెండు గొంతులూ వేరు.

అసెంబ్లీలో వచ్చిన నీళ్లూ కరెంటూ మాట నాకు అందుకే మింగుడుపడలేదు. దానికి చప్పట్లు కొట్టినవాళ్లు మా వైపు చాలామంది. కానీ కంటోన్మెంట్‌లో ఉండేది జనరళ్లు మాత్రమే కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారమే రెండు లక్షల పైచిలుకు జనం ఉన్న చోటు అది. బస్తీలున్నాయి, అద్దె ఇళ్లున్నాయి, రోడ్డు మూసివేతతో ఏ సంబంధం లేనివాళ్లున్నారు. "మీరు మా దారి మూస్తే మేం మీ కుళాయి మూస్తాం" అన్నది, ఎవర్నీ అడక్కుండా గేటు వేసినవాడి భాషనే తిరిగి అతని మీద వాడటం.

ఇప్పటిదాకా జనం పక్షం బలంగానే ఉంది. ఇక అసలు చిక్కుకి వద్దాం.

మా వైపు ఒక కాలనీలో, పేరెందుకుగానీ, ఆమధ్య సంఘం మీటింగుకి వెళ్లాను. అజెండాలో మొదటి అంశం కంటోన్మెంట్ రోడ్ల మీద తాజా వినతిపత్రం. అందరూ సంతకాలు పెట్టారు. రెండో అంశం కాలనీ వెనక వీధి చివర గేటు. ఆ వీధికి అవతల ఒక బస్తీ ఉంది. అక్కడి ఆడవాళ్లు ఇళ్లల్లో పనులకీ, మగవాళ్లు సైట్లకీ, పిల్లలు బస్టాపుకీ ఈ కాలనీ గుండానే నడుస్తారు. ఆ నెలలో ఒక చైన్ స్నాచింగ్ జరిగింది. గేటు పెట్టి, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా తాళం వేసి, పగలు వాచ్‌మన్ దగ్గర రిజిస్టరు పెట్టాలన్నది ప్రతిపాదన.

వచ్చిన వాదనలు వరసగా చెప్తాను. "భద్రత అండీ. ఎవరు పడితే వాళ్లు వస్తున్నారు." "ఇది మన లేఅవుట్, రోడ్లు మన డబ్బుతో వేసుకున్నాం." "ఇన్నాళ్లూ పోనిచ్చాం, మన మంచితనం." "వాళ్లకి వేరే దారి లేదా ఏంటి? మెయిన్ రోడ్డు మీంచి చుట్టూ రావచ్చుగా, ఎంత, పది నిమిషాలు." ఒకాయన అయితే మొదటి అంశం మీద సంతకం పెట్టిన పెన్ను ఇంకా జేబులో పెట్టుకోకుండానే, "అయినా ప్రతి దారిన పోయే దానయ్యకీ మనం జవాబు చెప్పాలా!" అన్నారు.

ఎవరూ నవ్వలేదు. ఎవరికీ అందులో నవ్వొచ్చేది ఏమీ కనపడలేదు.

వాళ్లని కపటులనడం తేలిక. నేను అనను. వాళ్లు నిజంగానే భయపడ్డారు. మెడలో గొలుసు పోయినావిడ నెల రోజులు ఇంట్లోంచి బయటకి రాలేదు. సైన్యం భయం నిజమైనట్టే వాళ్ల భయమూ నిజం. కానీ అప్పుడే నాకు అర్థమైంది, "మా రోడ్డు మాకు తెరవండి" అనే వాదన రెండు రకాలుగా ఉండొచ్చని. ఒకటి: "దారి మీద నడిచే ప్రతి మనిషికీ లెక్క ఉంది, కాబట్టి మాకూ ఉంది." రెండోది: "మేం మర్యాదస్తులం, పన్నులు కట్టేవాళ్లం, మమ్మల్ని ఆపడం ఏంటి?" రెండూ ఒకే ప్లకార్డు పట్టుకుంటాయి. ఒకే నినాదం ఇస్తాయి. తేడా తెలిసేది మన వీధి చివర మనం గేటు వేసే రోజున మాత్రమే.

పైగా ఆస్తి వాదన కాలనీకి సైన్యం కంటే బలహీనం. సైన్యానికి కనీసం ఏ-1 భూమి అని చూపించడానికి కాగితం ఉంది. అనుమతి పొందిన ఓపెన్ లేఅవుట్లలో రోడ్లని డెవలపర్ స్థానిక సంస్థకి గిఫ్ట్ డీడ్ రాసి అప్పగిస్తాడు. అంటే అవి చట్టరీత్యా పురపాలక సంస్థవి, అంటే ఆ ధర్మకర్త తర్కం ప్రకారం బస్తీ వాళ్లవి కూడా. మన డబ్బుతో వేసుకున్నాం కదా అంటే, ప్లాటు ధరలో ఆ ఖర్చు కలిపి కట్టాం, నిజమే. గుడికి చందా ఇచ్చినవాడు గుడి ఓనరు కాడు.

ఇంకో సంగతి ఉంది. గేటు బళ్లని ఆపినప్పుడు ఒక రకం ప్రశ్న. మనుషుల్ని ఆపినప్పుడు అది వేరే చరిత్రలోకి తీసుకెళ్తుంది. 1924లో కేరళలోని వైకంలో సత్యాగ్రహం జరిగింది. చాలామంది అది గుడిలోకి ప్రవేశం కోసం అనుకుంటారు. కాదు, అది గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవడం కోసం. అవి ప్రజల డబ్బుతో నడిచే రోడ్లే. వాటి మీద క్రైస్తవులు, ముస్లింలు నడవొచ్చు, "తక్కువ" కులాల హిందువులు నడవకూడదు. ఇరవై నెలలు పట్టింది. గాంధీ వెళ్లారు, పెరియార్ జైలుకి వెళ్లారు. 1925 నవంబరుకి ముగిసేసరికి మూడు వైపుల రోడ్లు అందరికీ తెరుచుకున్నాయి. తూర్పు వైపు దారి అప్పటికీ తెరుచుకోలేదు. అంత దూరం పోనక్కర్లేదు, మన ఊళ్లలోనే ఫలానా వీధిలోకి వచ్చేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన తాతలు చాలామందికి ఉన్నారు. మన దేశంలో రోడ్డు మీద గేటు పెట్టేవాడికి ఈ జ్ఞాపకం ఉండి తీరాలి. వాచ్‌మన్‌కి "ఎవర్ని ఆపాలి" అని ఎవరూ రాసివ్వరు. కారు వస్తే లేచి గేటు తీస్తాడు. చేతిలో టిఫిన్ డబ్బాతో నడిచొచ్చే మనిషిని "ఎక్కడికి?" అంటాడు. ఆ తేడాని అతనికి నేర్పింది సంఘం తీర్మానం కాదు. అది అంతకు ముందు నుంచే మనలో ఉంది. గేటు దానికి ఒక ఉద్యోగం ఇచ్చిందంతే.

ఇదంతా చదివి, "అయితే ఏ రోడ్డూ ఎప్పుడూ మూయకూడదంటావా?" అని మీరడగొచ్చు. అననుగాక అనను. ఇంజనీరుగా కూడా అనలేను. 1968లో బ్రాయెస్ అనే జర్మన్ గణితవేత్త ఒక వింత నిరూపించాడు. ఎవరి దారి వాళ్లు స్వార్థంగా ఎంచుకునే రోడ్ల నెట్‌వర్కులో కొత్త రోడ్డు ఒకటి కలిపితే, కొన్ని సందర్భాల్లో అందరి ప్రయాణం టైమూ పెరుగుతుంది. అంటే ఒక రోడ్డు మూస్తే అందరికీ మేలు జరిగే సందర్భాలూ ఉన్నాయన్నమాట. ఇప్పుడు ఫోనుల్లో మ్యాపులొచ్చాక, రెండు నిమిషాలు కలిసొస్తాయని వేల కార్లని పిల్లలాడుకునే గల్లీలోకి మళ్లిస్తున్నాయి. ఆ గల్లీ వాళ్లు అడ్డుకుంటే నేను వాళ్ల పక్షమే. చార్మినార్ చుట్టూ బళ్లు ఆపి నడిచేవాళ్లకి వదలాలన్న పథకం ఎన్నో ఏళ్లు నలిగింది. అదీ రోడ్డు మూయడమే. కానీ అక్కడ ఆగింది యంత్రం, మనిషి కాదు.

కాబట్టి మూయడం, తెరవడం అన్న రెండు మాటలతో ఈ నీతి తేలదు. నాకు తోచినంతలో మూడు ప్రశ్నలు అడగాలి. మూసేది బండికా, మనిషికా? మూతవల్ల నష్టపోయేవాడికి ఉన్న ఇంకో దారి అతని కాళ్లతో, అతని జేబుతో కొలిస్తే ఎంత దూరం? మూసేముందు అతన్ని అడిగారా? రెండో ప్రశ్నలో "అతని కాళ్లతో" అన్నది ముఖ్యం. చుట్టు తిరిగి వెళ్లడం కారున్నవాడికి ఇంకో రెండు పాటలు వినడం. పొద్దున్నే ఆరిళ్లలో గిన్నెలు తోమాల్సిన ఆవిడకి అది పోయిన ఇల్లు, అంటే పోయిన జీతం.

దారిన పోయేవాడి గురించి తత్వవేత్తల్లో నాకు తెలిసి కాంట్ పట్టించుకున్నాడు. 1795లో శాశ్వత శాంతి గురించి రాసిన చిన్న పుస్తకంలో, పరాయి నేల మీద అడుగుపెట్టిన మనిషిని శత్రువులా చూడకూడదన్న నియమం పెట్టాడు. దానికి అతను చూపిన కారణం దయ కాదు. భూమి గుండ్రంగా ఉంది. మనుషులు ఒకరికొకరు ఎదురుపడకుండా అనంతంగా దూరం జరిగిపోలేరు. మొదట్లో ఈ నేల మీద ఏ చోటైనా ఒకడికి ఇంకొకడి కంటే ఎక్కువ హక్కేమీ లేదు. కాబట్టి అతిథిగా ఇంట్లో పెట్టుకోమని అడిగే హక్కు కొత్తవాడికి లేకపోయినా, వచ్చి పోయే హక్కు ఉంది. అతను రాసింది దేశాల గురించి. నాకు మాత్రం నేరేడ్‌మెట్‌లో అది బాగా అతికినట్టు కనిపిస్తుంది. బస్తీ మనిషి మా కాలనీలో ప్లాటు అడగట్లేదు. మేం కంటోన్మెంట్‌లో క్వార్టరు అడగట్లేదు. ఇద్దరం అడుగుతున్నది ఒక్కటే: వచ్చి పోవడం.

మామూలుగా ప్రజాస్వామ్యం గురించి మాట్లాడేటప్పుడు "సంబంధం ఉన్నవాళ్లు" అంటాం. ఓటున్నవాళ్లు, ఇల్లున్నవాళ్లు, మెంబర్‌షిప్ కట్టినవాళ్లు. రోడ్డు విషయంలో ఈ లెక్క పనిచేయదు. రోడ్డు వల్ల ఎక్కువ లాభపడేది, మూస్తే ఎక్కువ నష్టపోయేది, ఆ రోడ్డు మీద ఇల్లు లేనివాడే. ఇల్లున్నవాడు మీటింగుకి వస్తాడు, దారిన పోయేవాడు రాడు. కంటోన్మెంట్ బోర్డులో యాప్రాల్‌కి ఓటు లేదు. కాలనీ సంఘంలో బస్తీకి ఓటు లేదు. అందువల్లే 258వ సెక్షన్‌లో ఉన్న "ప్రజల నుంచి అభ్యంతరాలు" అన్న మాట నాకు విలువైనదిగా అనిపిస్తుంది. అది సభ్యుల నుంచి అనలేదు, ఓటర్ల నుంచి అనలేదు. దారిన పోయే దానయ్యకి ఉత్తరం రాసే వీలు ఇచ్చింది.

ఆ మీటింగులో నేను అడిగింది అంతే. గేటు మీద ఓటింగు పెట్టేముందు బస్తీ వైపు గోడకి తెలుగులో ఒక నోటీసు అంటిద్దాం, నెల రోజులు టైమిద్దాం, వాళ్లలో వచ్చినవాళ్లని ఇదే హాల్లో కూర్చోబెట్టి విందాం. తప్పదనుకుంటే పెద్ద గేటు పక్కన ఎప్పుడూ తాళం వేయని చిన్న గేటు వదులుదాం, రిజిస్టరు వద్దు. కొంతమంది ఇది మరీ చాదస్తం అన్నారు. ఒకావిడ, గొలుసు పోయినావిడ వాళ్ల అక్కయ్య, చిన్న గేటుకి ఒప్పుకున్నారు గానీ రాత్రి పదకొండు తర్వాత వద్దన్నారు. అది బేరమాడదగ్గ మాటే. నిర్ణయం వచ్చే మీటింగుకి వాయిదా పడింది. నోటీసు మాత్రం అంటించారు.

కంటోన్మెంట్ రోడ్ల గొడవ కూడా ఏదో ఒక రోజు తీరుతుంది. 2024 మార్చిలో రక్షణ శాఖ రాజీవ్ రహదారి మీదా, నాగ్‌పూర్ హైవే మీదా ఎలివేటెడ్ కారిడార్ల కోసం సుమారు 175 ఎకరాలు ఇవ్వడానికి ఒప్పుకుంది. మా తూర్పు వైపు కూడా ఎన్నాళ్లుగానో అడుగుతున్న ప్రత్యామ్నాయ రోడ్డు ఎప్పటికో పడుతుంది. పడిన రోజున కార్లన్నీ అటు మళ్లుతాయి. మానవహారాల్లో నిలబడ్డవాళ్లలో చాలామందికి పాత రోడ్డుతో ఇక పనుండదు. అప్పుడు సైన్యం మిగిలిన గేట్లు కూడా వేసేస్తే, సైకిలు మీద పోయేవాడూ, సఫిల్‌గూడ స్టేషన్లో దిగి నడిచిపోయేవాడూ గేటు ముందు ఆగిపోతారు. వాళ్లకి కాలనీ సమాఖ్య లేదు, ప్లకార్డులు ముద్రించే డబ్బు లేదు. ఇప్పుడు పదేపదే సంతకాలు పెడుతున్న మనం, ఆ రోజు మనకి పనికిరాని రోడ్డు కోసం ఇంకో కాగితం మీద సంతకం పెడతామా?